నాటోలో 2 శాతం అంటే ఎవరికి కట్టే డబ్బు? క్లాసులో తప్పు చెప్పానేమో

ప్రొద్దుటూరు లెక్చరర్:

నేను ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో పదహారేళ్లుగా రాజనీతిశాస్త్రం చెబుతున్నాను. పోయిన వారం రెండో సంవత్సరం పిల్లలకు నాటో గురించి, అంటే అమెరికా, కెనడా, యూరప్ దేశాల సైనిక కూటమి గురించి, చెప్పాల్సి వచ్చింది. "ప్రతి సభ్యదేశం తన జీడీపీలో 2 శాతం నాటోకి చందా కట్టాలి. చాలా దేశాలు ఏళ్ల తరబడి ఎగ్గొట్టాయి. ఆ బాకీ అంతా అమెరికా మోసింది, అందుకే ట్రంప్ గొడవ పెట్టుకున్నాడు" అని చెప్పాను. టీవీ చర్చల్లో, పేపర్లలో విన్నది, చదివినది అదే.

చివరి బెంచీలో కూర్చునే ఒకమ్మాయి లేచి, "సార్, ఆ డబ్బు నాటోకి కట్టరు కదా, ఎవరి సైన్యం మీద వాళ్లే ఖర్చు పెట్టుకుంటారు. మరి బాకీ ఎవరికి ఉన్నట్టు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. చూసి చెబుతానన్నాను, బెల్లు కొట్టేశారు.

అప్పటినుంచి మనసు కుదురుగా లేదు. ఈ పిల్లల్లో సగం మంది గ్రూప్స్‌కి చదువుతున్నారు. నేను చెప్పింది నోట్సులో రాసుకున్నారు. వచ్చే బుధవారం మళ్లీ క్లాసు. ఆలోపు నాకు తెలియాల్సింది ఇది: ఆ 2 శాతం ఎక్కడికి పోతుంది? ఎవరు నిర్ణయించారు? పెట్టకపోతే ఏమవుతుంది? ఇప్పుడు 5 శాతం అంటున్నారు, అదేమిటి? యూరప్‌లో, అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు దగ్గరనుంచి చూసి ఉంటారు. పుస్తకం భాషలో కాకుండా పిల్లలకు చెప్పగలిగేలా చెప్పండి.

పల్నాడు – కైజర్స్‌లౌటర్న్:

మాస్టారూ, నమస్తే. మీ విద్యార్థిని చెప్పిందే సరైనది.

నేను పదకొండేళ్లుగా జర్మనీలో కైజర్స్‌లౌటర్న్ అనే ఊళ్లో ఉంటున్నాను. పక్కనే రామ్‌స్టైన్, అమెరికా వైమానిక స్థావరం. మా ఊరి జనాభా లక్ష. చుట్టుపక్కల ఉన్న అమెరికా సైనికులు, ఉద్యోగులు, వాళ్ల పిల్లాపాపలు కలిస్తే దాదాపు యాభై వేలు. మా వంటింటి కిటికీ తీస్తే రవాణా విమానాలు దిగడం కనిపిస్తుంది. కాబట్టి ఈ ఖర్చు సంగతి మా ఊళ్లో బేకరీ దగ్గర కూడా మాట్లాడుకుంటారు.

మీ పిల్లలకు అర్థమయ్యేలా మా ఊరి సంగతితో చెబుతాను. మాది పల్నాడులో నల్లమల అంచున ఉన్న ఊరు. అడవిపందులు రాత్రిపూట చేలల్లో పడతాయి. మా అమ్మ పాత చీరలన్నీ చేను చుట్టూ కట్టించేది. ఎవరి చేనికి కంచె వాళ్లు వేసుకోవాలి, ఆ ఖర్చు వాళ్లదే. అది కాక, రాత్రి కాపలాకి ఊరంతా కలిసి ఒక మనిషిని పెట్టి ఎకరానికి ఇంత అని పోగేసేవాళ్లు. కంచె ఖర్చు వేరు, కాపలా చందా వేరు. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే మీరు చెప్పిన పొరపాటు వస్తుంది. ఇక్కడి జర్మన్లు కూడా చాలామంది అలాగే అనుకుంటారు.

నాటోలో కాపలా చందా లాంటిది నిజంగానే ఉంది. ఉమ్మడి నిధులంటారు. బ్రస్సెల్స్ కార్యాలయం, ఉమ్మడి కమాండ్ కేంద్రాలు, ఇంధన పైపులైన్లు, కొన్ని రన్‌వేలు, గైలెన్‌కిర్షెన్‌లో ఉన్న నిఘా విమానాలు, ఇవన్నీ ఆ డబ్బుతో నడుస్తాయి. 2025లో ఆ మొత్తం సుమారు 460 కోట్ల యూరోలు. పెద్ద మొత్తంలా కనిపిస్తుంది కానీ సభ్యదేశాలన్నీ రక్షణ మీద పెట్టే ఖర్చులో 0.3 శాతమే. ఎవరి వాటా ఎంతన్నది దేశాల ఆదాయాన్ని బట్టి లెక్కగట్టి ముందే ఒప్పుకుంటారు. ఒకప్పుడు అమెరికా వాటా 22 శాతం ఉండేది, దాన్ని తగ్గించారు. 2025 నాటికి అమెరికా, జర్మనీ సమానంగా 16 శాతానికి కాస్త తక్కువగా కడుతున్నాయి.

2 శాతం అనేది కంచె ఖర్చు. అది నాటో ఖాతాలో పడదు. జర్మనీ డబ్బు జర్మనీ సైనికుల జీతాలకు, ట్యాంకులకు, బ్యారక్‌లకు పోతుంది. నాటో పుట్టిన 1949 ఒప్పందంలోని 3వ అధికరణం ప్రతి దేశమూ తనను తాను కాపాడుకునే శక్తిని నిలుపుకోవాలని అంటుంది, అంకె ఏదీ చెప్పదు. 2 శాతం అన్న మాట 2006లో రక్షణ మంత్రుల దగ్గర వచ్చింది. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించాక, ఆ సెప్టెంబర్‌లో వేల్స్‌లో జరిగిన సమావేశంలో ప్రభుత్వాధినేతలు పదేళ్లలో ఆ అంకె వైపు వెళతామని మాటిచ్చారు. పెట్టకపోతే జరిమానా లేదు, వడ్డీ లేదు, సభ్యత్వం తీసేయడం లేదు. అందుకని "బాకీ" అన్న మాట కుదరదు. "ఇచ్చిన మాట నిలుపుకోలేదు" అంటే సరిపోతుంది. నా దృష్టిలో అది బాకీకన్నా తక్కువ తప్పేమీ కాదు.

ఎందుకలా అంటున్నానో చెబుతాను. మా ఇంటి యజమానికి డెబ్బై దాటాయి. 1970ల్లో నిర్బంధ సైనిక సేవ చేసినాయన. ఆ రోజుల్లో పశ్చిమ జర్మనీకి అయిదు లక్షలకు దగ్గరగా సైనికులు ఉండేవాళ్లు, ఖర్చు జీడీపీలో 3 శాతం ఉండేది. బెర్లిన్ గోడ కూలాక అదంతా కరిగిపోయింది. సైన్యం లక్షా ఎనభై వేలకు దిగింది. 2014లో నార్వేలో జరిగిన నాటో విన్యాసాల్లో జర్మన్ సైనికులు వాహనం మీద తుపాకీ గొట్టం బదులు నల్లరంగు పూసిన చీపురుకర్ర బిగించారని పత్రికల్లో వచ్చింది. మా యజమాని ఆ పేపరు ముక్క కత్తిరించి దాచుకున్నాడు. నాకు చూపించినప్పుడు ఆయన మొహంలో కనిపించింది అవమానం. "అమెరికన్లు ఉన్నారు కదా అనుకుంటూ బతికాం" అన్నాడు.

అసలు జబ్బు అదే. 1966లోనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు లెక్క కట్టి చూపించారు. కూటమిలో పెద్ద దేశం తన అవసరం కోసం ఎలాగూ ఖర్చు పెడుతుంది, దాని నీడలో చిన్నవాళ్లు చేయి బిగబడతారు అని. మా ఊళ్లో యాభై ఎకరాల ఆసామి గట్టి కంచె వేసుకుంటే పక్క రైతు తన వైపు వదిలేసినట్టు. 2014లో 2 శాతం దాటినవి మూడే దేశాలు: అమెరికా, బ్రిటన్, గ్రీస్.

ఈ గ్రీస్ సంగతి మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి మాస్టారూ. గ్రీస్ ఎప్పుడూ ఎక్కువే పెడుతుంది, కానీ ఆ ఖర్చులో పెద్ద భాగం టర్కీని చూసి. టర్కీ కూడా నాటో సభ్యదేశమే! అంటే శాతం పట్టికలో గ్రీస్ మంచి విద్యార్థి, మరి ఆ డబ్బు కూటమిని ఎంత కాపాడింది? దీనికి ఎదురుగా డెన్మార్క్‌ని పెట్టండి. 2014లో అది 1.2 శాతం కూడా పెట్టలేదు. కానీ ఒకరి మీద దాడి అందరి మీద దాడే అని చెప్పే 5వ అధికరణాన్ని ఇప్పటిదాకా ఒక్కసారే, 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికా కోసమే వాడారు. ఆ తర్వాత అఫ్గానిస్థాన్ వెళ్లి నలభై మందికి పైగా డెన్మార్క్ సైనికులు చనిపోయారు. అప్పట్లో అరవై లక్షల జనాభా కూడా లేని దేశం అది. జనాభా లెక్కన చూస్తే అమెరికా పోగొట్టుకున్నదానికి తక్కువేం కాదు. ఆ ప్రాణాలు శాతాల్లో కనిపించవు.

నాటో లెక్కలో మాజీ సైనికుల పెన్షన్లు కూడా రక్షణ ఖర్చే. పెన్షన్ ఎక్కువ ఇచ్చే దేశం ట్యాంకు కొనకుండానే శాతం పెంచుకోవచ్చు. పెన్షన్ ఇవ్వొద్దని నా మాట కాదు, ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో చూడమంటున్నాను.

ఇక 5 శాతం. 2025 జూన్‌లో హేగ్‌లో ఒప్పుకున్నారు, గడువు 2035. అందులో 3.5 శాతం సైన్యానికి. మిగతా 1.5 శాతం వంతెనలు, రైలుమార్గాలు, రేవులు, సైబర్ రక్షణ, ఆయుధ పరిశ్రమ లాంటివాటికి. ఆ 1.5 లోకి ఏదైనా తోసేయవచ్చని నా భయం. ఇటలీలో మెస్సీనా జలసంధి మీద కట్టాలనుకుంటున్న వంతెనను కూడా ఈ లెక్కలో చూపించాలన్న మాట నడిచింది. స్పెయిన్ ప్రధాని సాంచెజ్ మాత్రం మాకు 2.1 శాతం చాలని మొహం మీదే చెప్పాడు. మాడ్రిడ్ నుంచి రష్యా చాలా దూరం.

దూరం అన్నాను కదా, లిథువేనియా దగ్గరకు వద్దాం. జనాభా ముప్పై లక్షల లోపు. మీ పాత కడప జిల్లా అంత దేశం అనుకోండి. ఒక పక్క బెలారుస్, ఇంకో పక్క రష్యాకి చెందిన కలీనిన్‌గ్రాడ్. 2026 బడ్జెట్‌లో వాళ్లు జీడీపీలో 5 శాతం దాటించారు. జర్మనీ అక్కడికి ఒక బ్రిగేడ్‌ను శాశ్వతంగా పంపుతోంది, 2027 చివరికి దాదాపు అయిదు వేలమంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ ఇలా పరాయి దేశంలో శాశ్వతంగా బ్రిగేడ్ పెట్టడం ఇదే మొదటిసారి. మనుషులు, ట్యాంకులు జర్మనీవి. బ్యారక్‌లు, శిక్షణ మైదానం, రోడ్లు లిథువేనియా కడుతోంది. ఖర్చు పంచుకోవడం అంటే నాకు కనిపించే అసలు రూపం ఇది. శాతాల పట్టికలో ఇది రెండు వేర్వేరు గళ్లలో పడిపోతుంది.

అడవి అంచున చేను ఉన్నవాడి పంటే ముందు పోతుంది. వాడి కంచె వల్ల వెనకున్నవాళ్ల పంట నిలుస్తుంది. మా ఊళ్లో అంచు రైతులకు కాపలా చందా తగ్గించేవాళ్లు. నాటోలో అలాంటి మినహాయింపు లేదు.

నార్‌ఫోక్ నుంచి:

అన్న చాలా బాగా చెప్పారు, కానీ అమెరికా వైపు మాట కూడా పిల్లలకు చేరాలి. నేను వర్జీనియాలో నార్‌ఫోక్‌లో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఇక్కడ ఉన్నది ప్రపంచంలోనే పెద్ద నౌకాదళ స్థావరం. నా క్లాసులో ప్రతి ఏడాదీ మూడో వంతు పిల్లలు సైనిక కుటుంబాలవాళ్లే. తల్లో తండ్రో ఓడ ఎక్కితే ఆరేడు నెలలు రారు. ఒక్కోసారి పొడిగిస్తారు. ఆ పిల్లాడు హోంవర్క్ ఎందుకు తేలేదో అడగాలంటే నాకు నోరు రాదు.

నాటో దేశాలన్నీ కలిపి పెట్టే రక్షణ ఖర్చులో ఇటీవలి దాకా మూడింట రెండు వంతులు అమెరికాదే. 1971లోనే సెనేటర్ మైక్ మాన్స్‌ఫీల్డ్ యూరప్‌లోని అమెరికా సైనికుల్లో సగం మందిని వెనక్కి తేవాలని సవరణ పెట్టాడు. అది ఓడిపోయింది. ఇది ట్రంప్‌తో పుట్టిన గొడవ కాదు. పార్టీ ఏదైనా ప్రతి అధ్యక్షుడూ మర్యాదగా అడిగాడు, యూరప్ మర్యాదగా విని ఊరుకుంది. జర్మనీలో కాలేజీ చదువు దాదాపు ఉచితం. ఇక్కడ మా అమ్మాయి చదువుకి నేను అప్పు తీసుకున్నాను. నా పన్ను ఎవరి రక్షణకు పోతోందని అడగడం తప్పా?

పల్నాడు – కైజర్స్‌లౌటర్న్:

అస్సలు తప్పు కాదండీ. మీ క్లాసు పిల్లల సంగతి చదివి చాలాసేపు ఆగిపోయాను. యూరప్ ఆలస్యం చేసింది, నేను పన్ను కట్టే దేశం మరీ ఆలస్యం చేసింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి జరిగాక గానీ అప్పటి జర్మనీ ఛాన్సలర్ షోల్జ్ 10,000 కోట్ల యూరోల ప్రత్యేక నిధి ప్రకటించలేదు. 2025లో రాజ్యాంగాన్నే సవరించి, జీడీపీలో 1 శాతం దాటిన రక్షణ ఖర్చుకి అప్పుల పరిమితి వర్తించదన్నారు. 2026కి ప్రత్యేక నిధితో కలిపి దాదాపు 10,800 కోట్ల యూరోలు రక్షణకే. ఇప్పుడు ఇక్కడ కిండర్‌గార్టెన్‌లో సీటు, వంతెనల మరమ్మతు అన్నీ ఆ లెక్కతో పోటీ పడుతున్నాయి.

ఒక్క విషయం మాత్రం కలపాలి. ఆ మూడింట రెండు వంతులు అమెరికా మొత్తం సైన్యానికి పెట్టే ఖర్చు. పసిఫిక్‌లో ఓడలు, అణ్వాయుధాలు, పశ్చిమాసియా అన్నీ అందులోనే ఉన్నాయి. అదంతా యూరప్ కోసం కాదు. రామ్‌స్టైన్ కూడా జర్మనీని కాపాడటానికి మాత్రమే లేదు. ఇరాక్‌లో, అఫ్గానిస్థాన్‌లో గాయపడిన అమెరికా సైనికులను తెచ్చింది మా పక్కనున్న లాండ్‌స్టూల్ ఆసుపత్రికే. ఆ స్థావరం లేకపోతే వాళ్లు సముద్రం దాటేదాకా ఆగాల్సి వచ్చేది. అందుకే ఎవరు ఎవరికి ఎంత ఇస్తున్నారన్న లెక్క ఒక వైపు నుంచి చూస్తే తేలదు.

ప్యోంగ్‌టెక్ అక్క:

సార్, నాటో ఒక్కటే చెబితే పిల్లలకు సగమే తెలుస్తుంది. నిజంగా అమెరికాకు వాటా కింద డబ్బు లెక్కగట్టి ఇచ్చే దేశాలు ఇటువైపు ఉన్నాయి. నాది కరీంనగర్. మా ఆయన ఉద్యోగం వల్ల 2018 నుంచి దక్షిణ కొరియాలో ప్యోంగ్‌టెక్‌లో ఉంటున్నం. అమెరికాకు విదేశాల్లో ఉన్న అతిపెద్ద సైనిక స్థావరం క్యాంప్ హంఫ్రీస్ ఈ ఊళ్లోనే ఉంది.

అమెరికాతో ఇక్కడి రక్షణ ఒప్పందం 1953 నాటిది. కొరియాలో అమెరికా సైనికులు 28,500 మంది. మొదట్లో ఖర్చంతా అమెరికాదే. కొరియా సంపాదన పెరిగినంక, 1991 నుంచి ప్రత్యేక ఒప్పందం కింద వాటా ఇయ్యడం మొదలైంది. మూడు పనులకు ఆ డబ్బు: స్థావరాల్లో పనిచేసే కొరియన్ల జీతాలు, కట్టడాలు, సరుకుల రవాణా లాంటి సేవలు. 2026కి ఒప్పుకున్నది 1.52 లక్షల కోట్ల వాన్. ఆ తర్వాత 2030 దాకా ఏటా ధరల పెరుగుదలను బట్టి పెరుగుతది, కానీ ఏడాదికి 5 శాతం దాటొద్దు.

ఇందులో పెద్ద భాగం కొరియన్ల చేతికే వస్తది. జీతాలు వాళ్లవే, బిల్డింగ్ కాంట్రాక్టులు వాళ్లవే. అట్లని నొప్పి లేదనుకోవద్దు. 2019లో ట్రంప్ ఒక్కసారిగా అయిదు రెట్లు, 500 కోట్ల డాలర్ల దాకా అడిగిండు. ఒప్పందం కుదరలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి దాదాపు నాలుగు వేలమంది కొరియన్ ఉద్యోగులను జీతం లేని సెలవు మీద ఇంటికి పంపిండ్రు. అప్పుడే కరోనా. మా ఇంటి ఓనరమ్మ చెల్లెలు ఒక స్థావరంలో వంటశాలలో ఇరవై ఏళ్లుగా పనిచేస్తుండె. ఆ రెండున్నర నెలలు అక్క ఇంట్లోనే ఉండి కిమ్చీ డబ్బాలు పెట్టి అమ్మింది. నాకు కొరియన్ సరిగ్గా రాకపోయినా ఒక మాట అర్థమైంది. "రెండు దేశాలు బేరం ఆడుకుంటుంటే నా జీతాన్ని బల్ల మీద పెట్టిండ్రు" అన్నది. జూన్‌లో కొరియా ప్రభుత్వమే ముందు జీతాలు ఇస్తమని ఒప్పుకుంటే మళ్లీ పనిలోకి పోయింది. 2021లో వాటా దాదాపు 14 శాతం పెంచి ఒప్పందం చేసుకున్నరు.

లెక్కలో రానిది ఇంకొకటి చెప్పాలి, భూమి. సియోల్ నడిబొడ్డున ఉన్న యోంగ్సాన్ స్థావరాన్ని ఇక్కడికి తరలించడానికి, హంఫ్రీస్‌ను పెంచడానికి సుమారు 1,080 కోట్ల డాలర్లు అయినయి. అందులో 90 శాతం దాకా కొరియాదే. దానికోసం దేచురి అనే ఊరు ఖాళీ చేయించిండ్రు. వరి పొలాలున్న ఊరు. 2006లో రైతులు ఎంతో కొట్లాడిండ్రు, పోలీసులు, సైన్యం దిగింది, చివరికి 2007లో ఊరు ఖాళీ అయింది. వాటా ఒప్పందంలో ఎంత వాన్ అని రాస్తరు గానీ ఆ పొలాల సంగతి అందులో ఏడ ఉంటది? మిడ్‌మానేరు కింద మా అమ్మమ్మ ఊరు మునిగింది, అందుకే నాకు అది చదివినప్పుడు గుండె బరువైంది.

మీ పిల్లలకు జపాన్ సంగతి కూడా చెప్పండి. 1978 నుంచి వాళ్లు ఇట్లనే ఇస్తున్నరు. దానికి వాళ్ల భాషలో పెట్టుకున్న వాడుక పేరుకు "సానుభూతి బడ్జెట్" అని అర్థం వస్తది.

తిరుమలగిరి, సికింద్రాబాద్:

లెక్చరర్ గారూ, నేను సైన్యంలో ఇరవై ఎనిమిదేళ్లు చేసి సుబేదార్‌గా రిటైరైనవాణ్ణి. ఇల్లు కంటోన్మెంట్ పక్కనే. పై జవాబులన్నీ చదివాను. కరీంనగర్ అమ్మాయి భూమి మాట ఎత్తింది కాబట్టి నేను ఒకటి చెప్పాలి. మిత్రుడి సైన్యానికి ఖర్చు ఇవ్వడం గురించి చెప్పడానికి మీరు బ్రస్సెల్స్ దాకా పోనక్కర్లేదు. మీ కాలేజీ ఉన్న నేల ఒకప్పుడు ఆ ఖర్చు కింద జమ అయిన నేలే.

1798 సెప్టెంబర్‌లో రెండో నిజాం అలీఖాన్, గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కాలంలో, ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ ఆరు బెటాలియన్లు హైదరాబాద్‌లో ఉంచుతుంది, నిజాం ఏడాదికి 24,17,100 రూపాయలు ఇవ్వాలి. తన దగ్గరున్న ఫ్రెంచి అధికారుల దళాన్ని రద్దు చేయాలి. చేశాడు. అంటే సొంత బలం తీసేసి అద్దె బలం పెట్టుకున్నాడు. రెండేళ్లు తిరగకముందే, 1800 అక్టోబర్‌లో ఇంకో ఒప్పందం. ఇంకా రెండు బెటాలియన్లు, ఒక అశ్విక రెజిమెంటు పెంచుతాం, ఏటా డబ్బు బదులు భూమి ఇచ్చేయండి అన్నారు. మైసూరు యుద్ధాల తర్వాత 1792లో, 1799లో టిప్పు రాజ్యం నుంచి నిజాం వాటాకి వచ్చిన ప్రాంతం మొత్తం కంపెనీకి పోయింది. కడప, బళ్లారి, అనంతపురం, కర్నూలు సీమ. అవే దత్తమండలాలు. థామస్ మన్రో మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. 1928లో నంద్యాల సభల్లో రాయలసీమ అన్న పేరు పెట్టుకునేదాకా అందరూ దత్తమండలం అనే అనేవాళ్లు.

ఆ సైన్యం దిగిన చోటే నేను ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్న చోటు. 1806లో సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అయింది. అక్కడితో ఆగలేదు. హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకో దళం, దాని జీతాల బాకీ పేరుకుని 1853లో ఇప్పటి మహారాష్ట్రలో ఉన్న బేరార్ కూడా నిజాం చేయి జారింది.

నాటోని దీంతో సమానం చేయడం లేదు. అక్కడ 32 దేశాల్లో ప్రతి ఒక్కటీ ఒప్పుకుంటేనే నిర్ణయం. 1966లో ఫ్రాన్స్ మా నేల మీద మీ కమాండ్ వద్దంటే సైన్యాలు ఖాళీ చేసి వెళ్లాయి. నిజాం అలా అనగలిగేవాడా? అందుకని పిల్లలను మూడు ప్రశ్నలు వేసుకోమనండి. సైన్యం ఎవరిది, ఆజ్ఞ ఎవరిది, వెళ్లిపొమ్మంటే వెళతారా. ఎంత శాతం అన్నది ఆ తర్వాత. నేను యూనిఫాంలో ఉన్నన్నాళ్లూ రేషన్ ఎవరు ఇస్తున్నారన్నదానికన్నా ఆర్డర్ ఎవరు ఇస్తున్నారన్నదే ముందు చూసేవాళ్లం.

ప్రొద్దుటూరు లెక్చరర్:

అందరికీ రెండు చేతులా నమస్కారం. సుబేదార్ గారూ, మీ జవాబు చదివి కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. దత్తమండలాల పాఠం మా కాలేజీలోనే చరిత్ర సార్ పక్క గదిలో చెబుతారు. పదహారేళ్లలో నాకు ఈ రెండింటినీ కలపాలని ఒక్కసారీ తోచలేదు.

బుధవారం ముందుగా ఆ అమ్మాయి చెప్పిందే సరైనదని క్లాసు ముందు చెబుతాను. నోట్సులో "చందా" కొట్టేసి "సొంత సైన్యం మీద ఖర్చు" అని రాయిస్తాను. పల్నాడు తమ్ముడూ, నీ కంచె, కాపలా పోలిక వాడుకుంటాను. మా పిల్లల్లో వేరుశనగ, పసుపు వేసే ఇళ్లవాళ్లు చాలామంది, పందుల బాధ వాళ్లకి కొత్త కాదు. నార్‌ఫోక్ టీచర్ గారి క్లాసు పిల్లల సంగతి చదివి వినిపిస్తాను.

ఒక్క సందేహం మిగిలింది. ఎవరో ఒకరు "మన దేశం ఎవరికైనా ఇలా కడుతుందా సార్" అని తప్పకుండా అడుగుతారు. మనం ఏ సైనిక కూటమిలోనూ లేము కాబట్టి లేదు అని చెబితే సరిపోతుందా? అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాలతో మనం కలిసి ఉన్న క్వాడ్ సంగతి ఏమిటి?

పల్నాడు – కైజర్స్‌లౌటర్న్:

సరిపోతుంది మాస్టారూ. క్వాడ్‌లో 5వ అధికరణం లాంటి హామీ ఏదీ లేదు. మన మీద దాడి జరిగితే జపాన్, ఆస్ట్రేలియా, అమెరికా యుద్ధానికి రావాలని ఎక్కడా రాసుకోలేదు, వాళ్ల కోసం మనం వెళ్లాలనీ లేదు. కలిసి నౌకా విన్యాసాలు చేసినప్పుడు ఎవరి ఓడ ఖర్చు వాళ్లది. కూటమిలో లేకపోవడానికీ ఒక ధర ఉంది, అది కూడా చెప్పండి: సరిహద్దులో మన కంచె మొత్తం మనమే వేసుకోవాలి, ఆదుకుంటానని ముందే మాటిచ్చినవాళ్లు ఎవరూ లేరు.

లిథువేనియాలో చదువుకుంటున్న మన పిల్లలు ఎవరైనా ఇది చూస్తే ఆ జర్మన్ బ్రిగేడ్ గురించి అక్కడి జనం ఏమనుకుంటున్నారో రాయండి. నేను ఇక్కడినుంచి సైనికులు బయలుదేరడమే చూశాను.

ప్రొద్దుటూరు లెక్చరర్:

ఈ రోజు క్లాసు అయింది. ఆ అమ్మాయి మొదట సిగ్గుపడింది, తర్వాత లేచి మెస్సీనా వంతెన 1.5 శాతంలోకి వస్తుందో రాదో చెప్పేవాళ్లు ఎవరని అడిగింది. వెనక బెంచీ కుర్రాడు, వాళ్ల నాన్న సీఆర్‌పీఎఫ్, డెన్మార్క్ సైనికుల గురించి ఇంకా చెప్పమన్నాడు. చరిత్ర సార్‌ని కూడా పిలిచాను. 1800 ఒప్పందం గురించి వచ్చే శనివారం రెండు క్లాసులూ కలిపి చెబుతామని ఒప్పుకున్నారు. సుబేదార్ గారూ, ఆ రోజు ఫోన్లో అరగంట మా పిల్లలతో మాట్లాడగలరా?

తిరుమలగిరి, సికింద్రాబాద్:

తప్పకుండా సార్. శనివారం పదకొండింటికైతే ఖాళీగా ఉంటాను.